ఫ్లెక్సీ మీద అంకెను నమ్మి ఓటేయకండి

2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగిన పంచాయతీలకు ఐదేళ్లే గడువు. రాజమహేంద్రవరం కార్పొరేషన్‌లో 2014లో గెలిచిన పాలకవర్గం 2019లోనే దిగిపోయింది. అంటే కొవ్వూరు నుంచి అమలాపురం దాకా మైకు ఆటోలు మళ్లీ రోడ్డెక్కే కాలం వచ్చేసింది. ఈలోగా ఓటరు ఒక సంగతి తెలుసుకోవాలి. పళ్లపొడి ప్రకటనలో అబద్ధం ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. పార్టీ ప్రకటనలో అబద్ధం ఉంటే ఆ చట్టం పలకదు. వాణిజ్య ప్రకటనల మంచిచెడ్డలు చూసే యాస్కీ రాజకీయ ప్రకటనల జోలికే రాదు. మేనిఫెస్టో హామీలు ఎన్నికల అక్రమం కిందికి రావని సుప్రీంకోర్టు 2013లో తేల్చేసింది. టీవీ ప్రకటనలను ముందుగా చూసి అనుమతిచ్చే పద్ధతి ఒకటుంది. అది వచ్చిందీ మన జెమిని టీవీ కేసులో 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతోనే. ఊరి సెంటర్లో కట్టే ఫ్లెక్సీలో లెక్క సరిగ్గా ఉందో లేదో కూడి చూసే కమిటీ మాత్రం ఎక్కడా లేదు.

కూడాల్సింది మనమే. రైతు డబ్బుతో మొదలుపెడదాం. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ ఏటా 12,500 ఇస్తానంది. గెలిచాక రైతు భరోసా పేరుతో 13,500 చేశామని, చెప్పినదానికంటే ఎక్కువే ఇస్తున్నామని ఊదరగొట్టింది. అందులో 6,000 కేంద్రం వేసే పీఎం కిసాన్ సొమ్ము, రాష్ట్రం వాటా 7,500. 2024లో తెలుగుదేశం కూటమి 20,000 అంది. 2025 ఆగస్టులో అన్నదాత సుఖీభవ మొదలయ్యేసరికి ఆ ఇరవైలోనూ కేంద్రం ఆరువేలు కలిసే ఉన్నాయి. రెండు జెండాలకీ లెక్క రాసిన గుమాస్తా ఒకడేనేమో అనిపిస్తుంది.

డెల్టాలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ చేలో దిగేది చాలాచోట్ల కౌలు రైతు. ‘ప్రతి రైతుకూ’ అన్న ఫ్లెక్సీని అతనూ చదువుకుంటాడు, తనకూ వస్తుందనే అనుకుంటాడు. తీరా చూస్తే, రైతు భరోసా ఇచ్చింది సెంటు భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకే. వాళ్లకైనా సాగు హక్కు కార్డు ఉండాలి. ఆ కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం ఆసామి సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ చేజారిపోతుందోనని ఆసామి జంకు. అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వడేమోనని కౌలుదారు జంకు. ఇంత కథ ఉందని ఫ్లెక్సీ మూలన చిన్నక్షరాల్లో కూడా రాయరు.

బడి డబ్బుదీ ఇదే వరస. అమ్మ ఒడి 15,000 అని మొదలై, మరుగుదొడ్ల నిర్వహణకని ఒక వెయ్యి, బడి నిర్వహణకని ఇంకో వెయ్యి పోయి 2022కి 13,000 దగ్గర ఆగింది. అప్పుడు ఆ కోతను ఎండగట్టినవాళ్లే అధికారంలోకి వచ్చాక, 2025 జూన్‌లో తల్లికి వందనం కింద వేసింది 13,000. ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ ఇవ్వడం మేలే, కాదనను. ప్రకటనలో మాత్రం ఇప్పటికీ పదిహేనే.

డబ్బు ఆశ ఒకవైపు, భూమి భయం ఇంకోవైపు. 2024 మే పోలింగ్‌కు ముందు ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద జరిగిన ప్రచారం గుర్తుందా? మీ భూమి లాగేసుకుంటారు, మీ చేతిలో జిరాక్సే మిగులుతుంది అని ఒకరు. అంతా మీ మేలుకే అని ఇంకొకరు. భూమి లాక్కుంటామని ఆ చట్టంలో ఎక్కడా లేదు. అలాగని భయం ఉత్తదీ కాదు: టైటిల్ తగాదా సివిల్ కోర్టుకు పోకుండా ఒక అధికారి చేతిలో పెట్టారు, రెండేళ్లలో అభ్యంతరం చెప్పకపోతే రిజిస్టర్లో పేరున్నవాడిదే హక్కు అన్నారు. ఓటరుకు కావాల్సింది ఈ ముక్కే. ఆ చట్టానికి మూలం కేంద్రం కింద పనిచేసే నీతి ఆయోగ్ నమూనా. ఆ కేంద్ర ప్రభుత్వాన్ని నడిపే బీజేపీ తెలుగుదేశం కూటమిలోనే ఉంది. చట్టం 2024 జూలైలో రద్దయింది.

పోలవరం గడువుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2018 అన్నారు, 2021 అన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు.

కరపత్రం చేతికి రాగానే మడిచి జేబులో పెట్టేయకుండా, అడుగున ముద్రించినవాళ్ల పేరు, వేయించినవాళ్ల పేరు ఉన్నాయేమో చూడండి. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో అవి లేకుండా అచ్చేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ కింద నేరం. ఆ తర్వాత హామీని నాలుగు ప్రశ్నలు అడగండి: ఎవరికి, ఇంటికి ఎందరికి, ఏ నెల నుంచి, అందులో కేంద్రం డబ్బెంత? ఇంటికొచ్చిన అభ్యర్థినే అడగండి, మొహమాటం వద్దు. వాట్సాప్‌లో నాయకుడి గొంతుతో ఆడియో వస్తే పంపినవాడికి ఫోన్ చేసి ఎక్కడిదో కనుక్కోండి. కృత్రిమ మేధతో చేసిన నకిలీ వీడియోలను తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసేయాలని 2024 మేలో ఎన్నికల సంఘం పార్టీలకు చెప్పాల్సి వచ్చింది. ఆ మూడు గంటల్లో అది ఎన్ని గ్రూపులు తిరుగుతుందో మనకు తెలియంది కాదు.

అన్నిటికంటే తొందరగా జాగ్రత్తపడాల్సింది పార్టీలు పంచే గ్యారంటీ కార్డుల విషయంలో. సర్వే పేరుతో వచ్చి, గెలిచాక పథకం ఇస్తామంటూ ఓటర్ల పేర్లు, వివరాలు రాసుకోవడం ఆపాలని 2024 మే 2న ఎన్నికల సంఘం పార్టీలన్నిటినీ ఆదేశించింది. కార్డు ఇస్తే తీసుకోండి, ఫొటో తీసి తేదీ రాసి దాచుకోండి. ఆధార్ జిరాక్స్, బ్యాంకు ఖాతా నంబరు, ఫోన్‌కొచ్చిన ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి. వచ్చినవాడి మెడలో ఏ కండువా ఉన్నా సరే. ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికే చెప్పేసి ఉంటే, వెంటనే బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు పోయిందని తెలిస్తే 1930కి ఫోన్ చేయండి.