చూపు దక్కడంలోనూ వెనుకబాటే

శుక్లాల శస్త్రచికిత్సల్లో స్త్రీ పురుషుల మధ్య తొలగని అంతరం

మహబూబ్‌నగర్: పావుగంటలో ముగిసే శస్త్రచికిత్స అది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, అనేక స్వచ్ఛంద నేత్రాలయాల్లోనూ ఉచితంగానే చేస్తారు. సాధారణంగా మరునాటికి ఇంటికి పంపేస్తారు. అయినప్పటికీ శుక్లాలు కమ్మి, గోడలు తడుముకుంటూ కాలం వెళ్లదీస్తున్న వృద్ధ మహిళలు పల్లెల్లో నేటికీ కనిపిస్తూనే ఉన్నారు. దేశంలో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976లో ప్రారంభమైంది. ఈ అర్ధ శతాబ్దంలో శస్త్రచికిత్సల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. అంధత్వం గణనీయంగా తగ్గింది. చూపు కోల్పోయినవారిలో మహిళలే అధికంగా ఉండటమనే వాస్తవం మాత్రం మారలేదు.

ఢిల్లీలోని ఎయిమ్స్‌కు చెందిన డాక్టర్ రాజేంద్రప్రసాద్ నేత్ర విజ్ఞాన కేంద్రం 2015-19 మధ్య జాతీయ స్థాయి సర్వే నిర్వహించింది. 50 ఏళ్లు పైబడిన వారిలో 1.99 శాతం మంది అంధులని అది తేల్చింది. వారిలో మూడింట రెండు వంతుల మందికి శుక్లాలే కారణం. పురుషుల్లో అంధత్వం 1.67 శాతం కాగా మహిళల్లో 2.31 శాతంగా నమోదైంది. అంటే ఆ వయసు దాటిన ప్రతి వెయ్యి మంది పురుషుల్లో సుమారు 17 మందికి చూపు లేకపోతే, వెయ్యి మంది మహిళల్లో 23 మందికి లేదు. నిరక్షరాస్యుల్లో ఇది 3.23 శాతం, పదో తరగతి ఆపైన చదివినవారిలో 0.43 శాతం. చదువుకు నోచుకోని తరం మహిళలే నేడు అరవై, డెబ్బై ఏళ్ల వయసులో ఉన్నారు. కాబట్టి ఈ రెండు జతల అంకెలను వేర్వేరుగా చదవడం సరికాదు.

పాలమూరుకు కొత్త కాదు

ఈ విషయం మన జిల్లాకు పాతికేళ్లుగా తెలిసినదే. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తృతమైన నేత్ర అధ్యయనం జరిపింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలను ఎంచుకుని మొత్తం 10,293 మందిని పరీక్షించింది. జనాభాలో 1.84 శాతం మంది అంధులని, వారిలో 44 శాతం మందికి శుక్లాలే కారణమని వెల్లడైంది. వయసు, పేదరికం, పల్లె నివాసం వంటి అంశాలను విడదీసి లెక్కించినా స్త్రీగా పుట్టడం అంధత్వ ముప్పును పెంచుతోందని ఆ అధ్యయనం పేర్కొంది.

స్త్రీలు ఎక్కువ కాలం జీవిస్తారు, శుక్లం వృద్ధాప్యపు జబ్బు, కనుక వారిలో అంధులు ఎక్కువగా ఉండటం సహజమేనని కొందరు వాదిస్తుంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. శుక్లాలు మహిళల్లో కొంత ఎక్కువగానే వస్తాయి. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగకు గురికావడానికీ శుక్లాలకూ సంబంధముందని కూడా కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. (పొగతాగే పురుషులకూ ఈ ముప్పు తప్పదు.) అయితే శుక్లం రావడం వేరు, శుక్లంతో గుడ్డివారు కావడం వేరు. మొదటిది ప్రకృతి నిర్ణయిస్తుంది. ఇంటి నుంచి ఆసుపత్రికి ఎవరు వెళ్తారు, ఎవరు ఆగిపోతారు అన్నదాన్ని బట్టి రెండోది తేలుతుంది.

సగం సగం సమానం కాదు

అధికారులు తరచూ ఒక గణాంకాన్ని చూపి సంతృప్తి వ్యక్తం చేస్తుంటారు. శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో సగం మంది, ఒక్కోసారి సగానికి పైగా మహిళలే ఉన్నారన్నది దాని సారాంశం. పైకి చూస్తే వివక్ష ఎక్కడా కనిపించదు. కానీ లెక్క ఇక్కడే తప్పుతోంది.

ఒక పెద్ద గ్రామంలో శుక్లాలకు శస్త్రచికిత్స అవసరమైనవారు వంద మంది ఉన్నారనుకుందాం. వారిలో మహిళలు 60 మంది, పురుషులు 40 మంది. శిబిరం పెట్టి ఇటు 30 మందికి, అటు 30 మందికి చేశారు. నివేదికలో సగం సగం అని రాస్తారు. వాస్తవంలో పురుషుల్లో 75 శాతం మందికి చికిత్స అందగా మహిళల్లో అందింది 50 శాతం మందికే. ఊళ్లో ఇంకా చూపులేక మిగిలిపోయిన 40 మందిలో 30 మంది మహిళలే. ఎన్ని శస్త్రచికిత్సలు జరిగాయన్న ప్రశ్నకు బదులు, అవసరమైనవారిలో ఎందరికి అందాయన్న ప్రశ్న వేసినప్పుడే అసలు చిత్రం బయటపడుతుంది.

వర్ధమాన దేశాల్లో జరిగిన పలు సర్వేలను క్రోడీకరించి ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 2002లో ప్రచురించిన ఒక పరిశీలన ఈ ప్రశ్ననే లేవనెత్తింది. మహిళలకూ పురుషులతో సమానంగా చికిత్స అందితే చాలు, శుక్లాల వల్ల కలిగే అంధత్వం సుమారు 12.5 శాతం తగ్గుతుందని అది అంచనా వేసింది. ఇందుకు కొత్త మందులు, కొత్త యంత్రాలు అక్కర్లేదు. ఉన్న వైద్యం ఉన్నవారందరికీ చేరితే సరిపోతుంది. 2020 నాటికి ప్రపంచంలో నాలుగు కోట్ల 30 లక్షల మంది అంధులు ఉండగా వారిలో 55 శాతం మంది మహిళలేనని తర్వాతి అంచనాలు తెలిపాయి. రెండు దశాబ్దాలు గడిచినా ఆ పరిశీలన పాతబడకపోవడం విచారకరం.

తోడెవరు?

ఎయిమ్స్ సర్వేలో అంతగా చర్చకు రాని మరో అంశం ఉంది. శస్త్రచికిత్స ఎందుకు చేయించుకోలేదని అడిగితే పురుషుల్లో 31 శాతం మంది డబ్బు ఇబ్బంది అన్నారు. అవసరం అనిపించలేదని మరో 21.5 శాతం మంది చెప్పారు. మహిళల్లో మాత్రం డబ్బు ఇబ్బంది (21.2 శాతం) రెండో స్థానంలోకి వెళ్లింది. 'స్థానిక కారణాలు' అనే గంపగుత్త పద్దు కింద 23.1 శాతం మంది నమోదయ్యారు. సర్వే ఫారంలో ఏ గడిలోనూ ఇమడని కారణాలను ఇలా ఒక్కచోట కుప్ప పోశారు. పల్లె జీవితం ఎరిగినవారికి ఆ పద్దు వెనుక ఏముందో ఊహించడం కష్టం కాదు.

మొదటి అడ్డంకి తోడు. పురుషుడైతే బస్సెక్కి ఒంటరిగానైనా పట్నం వెళ్తాడు. చూపు మందగించిన డెబ్బై ఏళ్ల స్త్రీని ఒంటరిగా పంపరు, ఆమె వెళ్లదు. కొడుకో కోడలో వెంట వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. పరీక్షకు ఒకసారి, శస్త్రచికిత్సకు ఒకసారి, ఆ తర్వాత కంటి తనిఖీకి మరోసారి. ఉచిత వైద్యం అనే మాటలో ఈ కూలి నష్టం ఎక్కడా కనిపించదు. భర్తను కోల్పోయి కొడుకుల వంతుల మధ్య బతికే స్త్రీల విషయంలో ఈ నష్టం ఎవరు భరించాలన్నదే పెద్ద తగాదా.

రెండో అడ్డంకి పొయ్యి. శస్త్రచికిత్స తర్వాత కొన్ని వారాల పాటు కంటిలో చుక్కల మందు వేసుకోవాలి. పొగకు, దుమ్ముకు దూరంగా ఉండాలి. మొదటి రోజుల్లో కంటికి నీళ్లు తగలరాదు, బరువులు ఎత్తరాదు. మగవారు ఈ నియమాలను అరుగు మీద కూర్చుని పాటించగలరు. వంట, నీళ్లు, పశువుల చావిడి చూసుకునే ఆడవారికి ఇవి నెల రోజుల సెలవు తీసుకోవడంతో సమానం. ఆ సెలవు మంజూరు చేసేవారు ఇంట్లో ఎవరూ ఉండరు. ఫలితంగా కొందరు శస్త్రచికిత్సకే వెళ్లరు. వెళ్లినవారిలో కొందరు మూడో రోజుకే పొయ్యి ముందు కూర్చుంటారు.

పాలమూరులో దీనికి వలస తోడైంది. ముంబై, పుణె, హైదరాబాద్ నిర్మాణాలకు ఈ ప్రాంతపు కూలీలు తరతరాలుగా తరలివెళ్తున్నారు. కొడుకు, కోడలు పనికి పోతే మనవలను సాకే బాధ్యత ముసలితల్లిదే. పిల్లలను వదిలి ఆమె ఆసుపత్రిలో పడుకోవడం సాధ్యమయ్యే పని కాదు.

వీటన్నింటికీ మించినది ఇంట్లో ఆమె చూపుకు కట్టే విలువ. సంపాదించే మగవాడికి చూపు తగ్గితే ఆదాయం పడిపోతుంది, కనుక కుటుంబం వెంటనే కదులుతుంది. ఆమె చేసే పనికి కూలి లెక్క లేదు. కళ్లు కనిపించకున్నా చేతి అలవాటుతో బియ్యం కడుగుతుంది, పొయ్యి వెలిగిస్తుంది. పని ఆగలేదు కాబట్టి జబ్బు కూడా లెక్కలోకి రాదు. "ఈ వయసులో నాకెందుకు, నాలుగు రోజులు పోతే పోయేదాన్నే" అనే మాట వృద్ధ మహిళల నోట తరచూ వినిపిస్తుంది. ఆ మాటను వినయమని, వైరాగ్యమని మెచ్చుకునేవారు ఉన్నారు. ఇంటిల్లిపాదీ చెప్పకనే చెప్పిన మాటను ఆమె తన నోటితో అంటోందని మాత్రం గుర్తించరు.

ముదిరాకే చేయించాలన్న అపోహ

శుక్లం బాగా ముదిరాకే శస్త్రచికిత్స చేయించాలన్న నమ్మకం పల్లెల్లో ఇంకా బలంగా ఉంది. దీనికి మూలం లేకపోలేదు. కంటిలో లెన్స్ అమర్చే పద్ధతి వ్యాపించకముందు శుక్లాన్ని పూర్తిగా తీసివేసి దళసరి అద్దాలు ఇచ్చేవారు. అప్పట్లో వైద్యులే ముదిరేదాకా ఆగమనేవారు. ఇప్పుడు ఆ అవసరం లేదు. పైగా అతిగా ముదిరిన శుక్లం కంటిలో ఒత్తిడిని పెంచి నీటికాసులకు దారితీస్తుంది. అప్పుడు కంటి నరం దెబ్బతింటే శస్త్రచికిత్స చేసినా పోయిన చూపు రాదు. ఆలస్యంగా వచ్చేవారికే ఈ ప్రమాదం ఎక్కువ. ఆలస్యంగా వచ్చేవారు ఎవరో పైన చెప్పుకున్నాం.

రెండో కన్ను మరో సమస్య. ఒక కంటికి చేయించాక పని గడుస్తోంది కదా అని రెండోదాన్ని వదిలేస్తారు. శస్త్రచికిత్సల సంఖ్యను బట్టి పనితీరును కొలిచే విధానంలో ఇవి పట్టింపునకు రావు. స్వచ్ఛంద ఆసుపత్రులకు ప్రభుత్వం ఒక్కో శస్త్రచికిత్సకు నిర్ణీత మొత్తం చెల్లిస్తుంది. బస్టాండుకు దగ్గరి ఊరి నుంచి వచ్చిన పురుషుడికి చేసినా, తండాలో ఒంటరిగా ఉంటున్న వృద్ధురాలిని వెతికి తెచ్చి చేసినా ఆ మొత్తంలో తేడా ఉండదు. అందుబాటులో ఉన్నవారినే ముందు చేర్చుకోవడం అందువల్లే జరుగుతోంది. ఇందుకు ఆసుపత్రులను మాత్రమే తప్పుపట్టలేం.

పరీక్షలు ఊరికి వచ్చాయి, శస్త్రచికిత్స రాలేదు

తెలంగాణలో కంటి వెలుగు కార్యక్రమం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది. రెండో విడత 2023 జనవరిలో ఖమ్మంలో ప్రారంభమైంది. ఒక్కో విడతలో కోటిన్నరకు పైగా జనానికి పరీక్షలు జరిపారు. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కంటి వెలుగు 2019 అక్టోబరు 10న అనంతపురంలో ఆరంభమై బడి పిల్లలతో మొదలుపెట్టి, 2020 ఫిబ్రవరిలో అవ్వాతాతల వంతుకు వచ్చింది. అంతలోనే కరోనా విరుచుకుపడింది. ఏ విమర్శలున్నా, వైద్య బృందం ఊరి నడిబొడ్డుకు రావడం మహిళలకు మేలు చేసింది. తోడు అవసరం లేకుండా, వంట పూర్తిచేసుకుని వెళ్లి కళ్లద్దాలు తెచ్చుకునే వీలు కలిగింది. అయితే శిబిరంలో కళ్లద్దాలు చేతికిచ్చినంత తేలికగా శస్త్రచికిత్స ఇవ్వలేరు. దానికి మళ్లీ పట్నమే దిక్కు. పాత అడ్డంకులన్నీ మళ్లీ అక్కడ ఎదురవుతాయి.

శాశ్వత కేంద్రాల ఏర్పాటు ఇంతకన్నా మెరుగైన మార్గం. ఎల్వీ ప్రసాద్ సంస్థ సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున గ్రామీణ ప్రాంతాల్లో దృష్టి కేంద్రాలను నెలకొల్పింది. స్థానిక యువతీ యువకులకే శిక్షణ ఇచ్చి వాటిలో నియమించింది. శిబిరం నాడు వీలుకాని స్త్రీ మరో రోజు వెళ్లవచ్చు. శస్త్రచికిత్స అనంతర తనిఖీకి పట్నం ప్రయాణం తప్పుతుంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ప్రారంభమైంది. వృద్ధురాలికీ, ఆమె వెంట వెళ్లే కోడలికీ చార్జీ లేదు. కొడుకు వెళ్తే ఉంది. నేత్ర వైద్య విభాగాలు ఈ చిన్న తేడాను ఇంకా అందిపుచ్చుకోలేదు. ఊరూరా మహిళా స్వయం సహాయక సంఘాలున్నాయి, ఆశా కార్యకర్తలున్నారు. ఒకే ఊరి నుంచి నలుగురైదుగురు వృద్ధ మహిళలను ఒకే రోజు పంపి, సంఘం సభ్యురాలిని తోడుగా వెళ్లమని, ఆమె కూలిని కార్యక్రమ నిధుల నుంచి చెల్లిస్తే ఖర్చు పెద్దగా కాదు. ఆ తోడు కూలికి ప్రత్యేక పద్దు కేటాయించాలి.

గ్రామాల వారీ జాబితాలు కూడా మారాలి. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ 2030 నాటికి శుక్లాల శస్త్రచికిత్స సమర్థంగా అందేవారి శాతాన్ని 30 పాయింట్ల మేర పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. చూపు నిజంగా తిరిగి వచ్చిందా అన్నదే అందులో కొలమానం. ఊళ్లో చికిత్స అందనివారిలో మహిళలెందరు, పురుషులెందరు, రెండో కన్ను మిగిలినవారెందరు అన్న మూడు గడులు ఆశా కార్యకర్త పుస్తకంలో చేరిస్తే జిల్లా స్థాయిలో ఈ లెక్క తేలిపోతుంది.

శిబిరాల తేదీల సంగతి కూడా తేల్చవలసి ఉంది. ఎండల్లో శస్త్రచికిత్స చేయిస్తే కన్ను చీము పడుతుందన్న భయంతో జనం చలికాలమే కోరుకుంటారు. శిబిరాలూ అప్పుడే జోరుగా సాగుతాయి. వానాకాలం పంట చేతికొచ్చి పాలమూరు కూలీలు వలస బయల్దేరేది కూడా ఆ నెలల్లోనే. మనవలతో ముసలమ్మ ఇంట్లో ఒంటరిగా మిగిలేదీ అప్పుడే. తొలకరికి కుటుంబం తిరిగివచ్చేసరికి శిబిరాలు ముగిసి ఉంటాయి, పొలం పనులు మొదలై ఉంటాయి.