పట్టణ ప్రభుత్వ భవనాలపై సౌర విద్యుత్తు: మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో సామర్థ్య అంచనా
(ప్రత్యేక కథనం)

కుప్పం మండలం నడిమూరులో ఇళ్ల పైకప్పులపై సౌర విద్యుత్ ప్రయోగాత్మక ప్రాజెక్టును ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు 2025 జనవరి 6న ప్రారంభించారు. ఇళ్లతో మొదలైన ఈ కృషిలో తదుపరి అడుగు పట్టణాలలోని ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, పాఠశాలలే కావడం సహజం. అయితే ముందుగా ఏ భవనం ఎంత విద్యుత్తు ఇవ్వగలదో నిక్కచ్చిగా లెక్క తేలాలి.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు, అంతకు మించిన గృహ యూనిట్లకు రూ.78,000 వరకు రాయితీ లభిస్తుంది. ఈ రాయితీ నివాస గృహాలకే పరిమితం. ప్రభుత్వ భవనాల విషయంలో శాఖ స్వయంగా పెట్టుబడి పెట్టాలి; లేదా సంస్థలు తమ ఖర్చుతో ఫలకాలు అమర్చి యూనిట్‌కు ఇంతని వసూలు చేసుకునే దీర్ఘకాలిక ఒప్పందం కుదుర్చుకోవాలి. రెండింటిలోనూ అంచనా తప్పితే భారం పడేది ప్రజాధనంపైనే.

అనుకూలతలు

పడమటి మండలాలకు చెందిన ఈ మూడు పట్టణాలు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఫలకం ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటిన పిదప ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. కాబట్టి మైదాన ప్రాంతాల కంటే చల్లనైన ఇక్కడి వాతావరణం లాభదాయకం. ఈశాన్య రుతుపవనాల కాలంలో మాత్రం మబ్బుల వల్ల ఉత్పత్తి తగ్గుతుంది.

విస్తీర్ణమే సామర్థ్యం కాదు

ఒక కిలోవాట్‌కు సుమారు 10 చదరపు మీటర్ల నీడ లేని స్థలం కావాలి. ఏడాదికి 1,400 యూనిట్ల వరకు ఉత్పత్తిని ఆశించవచ్చును. ఉదాహరణకు 1,000 చదరపు మీటర్ల పైకప్పులో నీటి ట్యాంకులు, మెట్ల గది, చెట్ల నీడ పోగా సగమే మిగిలితే 50 కిలోవాట్లు, ఏడాదికి 70,000 యూనిట్లు వస్తాయి. మొత్తం విస్తీర్ణంతో లెక్కిస్తే ఇదే భవనం రెట్టింపు ఇస్తుందని కాగితంపై కనిపిస్తుంది. పాత మిద్దెలు, రేకుల కప్పులు ఫలకాల బరువును, గాలి ఒత్తిడిని తట్టుకోగలవా అన్నది ఇంజనీర్లు ధ్రువీకరించవలసి ఉంటుంది.

వినియోగ వేళలు

కార్యాలయాల వాడకం పగటిపూటే గనుక ఉత్పత్తితో సరిపోతుంది. పాఠశాలలకు ఎండలు మెండుగా ఉండే వేసవిలోనే సెలవులు. అప్పటి మిగులు నెట్ మీటరింగ్ ద్వారా గ్రిడ్‌కు చేరాలి. సాధారణంగా ఈ మిగులు అదే సర్వీసు బిల్లులో సర్దుబాటవుతుంది. అందువల్ల మున్సిపల్ కార్యాలయంపై ఫలకాలు పెట్టినంత మాత్రాన వీధి దీపాల బిల్లు తగ్గదు. ఆసుపత్రుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. బ్యాటరీ లేని గ్రిడ్ అనుసంధాన యూనిట్, కరెంటు పోయినప్పుడు లైన్లపై పనిచేసే సిబ్బంది భద్రత కోసం తానూ ఆగిపోతుంది. జనరేటరుకు అది ప్రత్యామ్నాయం కాజాలదు.

చేయవలసినది

ప్రతి భవనానికి నీడ లేని స్థలం, కప్పు పటిష్ఠత, 12 నెలల విద్యుత్ బిల్లులు, ఫలకాలు కడిగే బాధ్యత ఎవరిదన్న నాలుగు వివరాలతో ఒక పత్రం సిద్ధం చేస్తే ప్రాధాన్యతా క్రమం దానంతట అదే తేలుతుంది. దుమ్ము పేరుకున్న ఫలకం కాగితంపై చూపిన సామర్థ్యాన్ని ఇవ్వదు.

ప్రారంభోత్సవ ప్రకటనలలో కిలోవాట్లు కనిపిస్తాయి. పథకం ఫలించినదీ లేనిదీ తెలిపేది ఏడాది తరువాత మీటరు చూపే యూనిట్లే. అధికారులు వాటిని ఏటా వెల్లడించడం, పాత్రికేయులు వాటినే అడగడం ప్రజలకు మేలు చేస్తుంది.