ముందే ముగియు పండుగ

డిసెంబరు నెల అడుగిడునో లేదో, మన పేటల పూరికప్పులపైనను పట్టణముల మేడలపైనను కాగితపు నక్షత్రములు వెలుగ నారంభించును. కార్యాలయములందును, కళాశాలలందును, అపార్టుమెంట్ల ఆవరణలందును సెమీ క్రిస్మస్ పేరిట వేదికలు లేచును, కేకులు కోయబడును, ముఖ్య అతిథులకు శాలువలు కప్పబడును. ఇరువదినాలుగవ తేదీ నాటికి పాటల బృందమువారి గొంతులు బొంగురుపోయి, పిండివంటలతో గృహిణుల నడుములు విరిగి, ఒక సభనుండి వేరొక సభకు పరుగులిడిన పాస్టరుగార్లు సొమ్మసిల్లియుందురు. తీరా పండుగ వచ్చునప్పటికి దానిని చేసికొనుటకు వలసిన ఓపిక మాత్రము ఎవ్వరియందును మిగిలియుండదు.

సంతోషము పాపమని చెప్పుట నా ఉద్దేశము కాదు. దేవుడు మానవదేహము ధరించెనని నమ్మువారు అరిసెలను, కొత్తబట్టలను, బంధువుల రాకను తృణీకరింపవలసిన పనిలేదు. కానాయను ఊరిలో పెండ్లివిందునకు పోయినవాని శిష్యులము గదా! ఇక్కడ విచారింపవలసినది ఏది ముందు, ఏది వెనుక అనునదే.

ఈ వరుసను మన పెద్దలు ఎరుగనివారు కారు. క్రిస్మస్‌కు ముందు వచ్చు నాలుగు ఆదివారములను ఆగమన కాలముగా ఏర్పరచి, ఆ దినములను ఆత్మపరీక్షకును ప్రార్థనకును విడిచి, పండుగను ఇరువదియైదవ తేదీన ఆరంభించి, జనవరి 6న వచ్చు ప్రత్యక్షతా పండుగ వరకు సాగించుట ప్రాచీన సంఘముల ఆచారము. బిషప్పు అజరయ్యగారు డోర్నకల్లులో కట్టించిన మహాదేవాలయము ప్రత్యక్షతా పండుగ పేరనే వెలసి, 1939లో ఆ పండుగనాడే ప్రతిష్ఠింపబడినది. నేడు మనము ఈ క్రమమును తలక్రిందులు చేసితిమి: వేచియుండవలసిన దినములలో విందులు చేయుచున్నాము, విందు చేయవలసిన దినములు రాగానే నక్షత్రమును దింపి అటకమీద పెట్టుచున్నాము.

ఏటేట సండేస్కూలు పిల్లలు ఆడు నాటికను చూడుడు. పొట్టకు దిండు కట్టుకొని, బొగ్గుతో మీసము దిద్దుకొన్న బాలుడొకడు సత్రపు యజమానియై కఱ్ఱ ఝళిపించి, నిండుచూలాలైన మరియను గద్దించి పంపివేయును; సభ నవ్వును. లూకా వ్రాసిన కథలో మాత్రము ఈ యజమాని ఎక్కడను కానరాడు. అందు మరియ యోసేపులను గెంటివేసినవాడు లేడు, ద్వేషించినవాడు లేడు. ఔగుస్తు చక్రవర్తి ఆజ్ఞచొప్పున జనసంఖ్యలో పేర్లు వ్రాయించుకొనుటకు జనులు ప్రయాణమై వచ్చియుండిరి. ఎవరి పని వారికి అగత్యమే, ఎవరి తొందర వారికి న్యాయమే. సత్రములో చోటు లేకపోయినది, అంతే. మన యిండ్లలోను జరుగుచున్నది ఇదియే. దర్జీయొద్దకు తిరుగుట, రైలు టిక్కెట్ల వెదకులాట, ఇంటి సున్నము, చేతిలోని ఫోనుకు గంటగంటకు వచ్చిపడు శుభాకాంక్షలు, వీనిలో పాపమనదగినది ఒక్కటియు లేదు. అన్నియు కలిసి ఇల్లంతయు ఆక్రమించుకొనుటయే కీడు. చెడ్డపనిని చెడ్డదని గుర్తించి విడువగలము గాని, మంచిపని తన హద్దు దాటి వచ్చి కూర్చున్నప్పుడు దానిని లెమ్మని చెప్పుటకు మనకు నోరు రాదు.

హద్దు గీయుట ఎట్టిదో ఒంగోలు చరిత్ర చెప్పును. ధాత కరువున జనులు ఆకలితో నకనకలాడుచుండగా, మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపెను. క్రైస్తవులమగుదుమని వచ్చినవారు అప్పుడెందరో యుండిరి. అయినను కరువు తీరువరకు ఆయన బాప్తిస్మములను నిలిపివేసెను. అన్నమును ఆపలేదు, అన్నమునకు విశ్వాసము వెల కారాదని బాప్తిస్మమునే ఆపెను. తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వేచియుండుటవలన విశ్వాసము సన్నగిల్లునని భయపడువారు ఈ సంగతిని తలపోయవలెను. ఆకలిగొన్నవాని యెదుటనే అన్నమును, విశ్వాసమును వేరువేరు చోట్ల నిలుపగలిగిన కాలమొకటి ఈ నేలమీద గడచినది. కడుపునిండిన మనము కేకునకును ప్రార్థనకును నడుమ ఒక గీత గీయలేమా?

కావున చదువరులకు నా మనవి. ఈ యేడు ఆగమన కాలములో ఒక్క సాయంకాలమైనను ఏ సభకును ఒప్పుకొనక, ఫోనులను ప్రక్కన బెట్టి, ఇంటిల్లిపాది కూర్చుండి లూకా మొదటి రెండు అధ్యాయములను తీరికగా చదువుకొనుడు. సంఘపెద్దలు వేదికల లెక్కను తగ్గించి, మిగిలిన సొమ్మును పేటలోని వితంతువుల యింటికి బియ్యముగా పంపుడు. నక్షత్రమును జనవరి 6 వరకు దింపకుడు. శాలువలు లేకున్నను క్రిస్మస్ జరుగును. ప్రార్థన లేకుండ జరుగునది సందడి మాత్రమే.

— యాత్రికుడు