విదేశ ప్రయాణం – డబ్బు చెల్లింపు: బయలుదేరక ముందే ఒక మాట

రాయపూర్‌లోని పండరీ బట్టల బజారును ఎరిగినవారికి అక్కడి వ్యాపారుల చొరవను గురించి వేరుగా చెప్పనక్కరలేదు. సూరత్తు, అహ్మదాబాదుల నుండి సరుకు తెప్పించుకొనుటతో ఆగక, వారిలో కొందరు చైనాలోని గ్వాంగ్‌జౌ వాణిజ్య మేళాకు, దుబాయికి స్వయంగా వెళ్ళి వస్తున్నారు. అమెరికాలో కుమార్తె పురిటికి వెళ్ళే తల్లిదండ్రులు మన రైతు కుటుంబాలలోనూ కలరు. ప్రయాణాలు ఇంతగా పెరిగినా, పరాయి దేశంలో డబ్బు ఏ విధంగా చెల్లించాలన్న విషయమై మన గ్రామీణ శాఖలలో ఎవరూ నోరు విప్పరు. ఇది వెళ్ళేవారి లోపం మాత్రమే కాదు, బ్యాంకు ఉద్యోగులమైన మా లోపం కూడా అని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు ఊరకే కలుగలేదు. శ్రీకాకుళం నుండి వచ్చి పండరీలో స్థిరపడిన ఒక దుస్తుల వ్యాపారి క్యాష్ క్రెడిట్ ఖాతాను నేను పునరుద్ధరించాను. కాగితాలపై సంతకాలు చేస్తూ, తాను చైనా వెళ్తున్నట్లు ఆయన చెప్పారు. "శుభం, క్షేమంగా వెళ్ళి రండి" అన్నాను. అంతకు మించి ఒక్క ప్రశ్న అడగలేదు. అక్కడ రాత్రివేళ హోటలులో ఆయన కార్డు చెల్లలేదు. చేతిలోని డాలర్లను వీధిలో ఎవరికో ఇచ్చి యువాన్లు పుచ్చుకున్నారు. మరునాడు వాటిలో సగం దొంగనోట్లని తేలింది. తిరిగివచ్చి ఆ నోట్లను నా బల్లపై పెట్టి, "కార్డు ఉన్నది గదా అన్న ధైర్యంతో వెళ్ళాను సార్" అన్నారు. నాకు సమాధానం తోచలేదు.

ఆయన కార్డు ఎందుకు చెల్లలేదు? ఖాతాలో డబ్బు లేక కాదు. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు 2020 అక్టోబరు 1 నుండి కొత్తగా ఇచ్చే కార్డులు మొదట స్వదేశంలోని ఎ.టి.ఎం.లలోనూ, దుకాణాల యంత్రాలపైనా మాత్రమే పనిచేస్తాయి. విదేశాలలో వాడుకొనే సదుపాయాన్ని ఖాతాదారుడే కోరి తెరిపించుకోవాలి. మన డబ్బు భద్రత కొరకు పెట్టిన నియమమిది. మంచి నియమమే. కాని చెప్పేవారు లేనపుడు తాళం వేసిన ఇంటి యజమానే వీధిలో నిలబడవలసి వస్తుంది.

మనవారు ఈ విషయాలు అడగకపోవుటకు పాత భయం కూడా ఒక కారణమనుకుంటాను. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం కింద డాలరు అన్న మాటే నేరాన్ని స్ఫురింపజేసేది. దాని స్థానంలో 1999లో చేసిన నిర్వహణ చట్టం 2000 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చింది. నేడు స్వదేశంలో నివసించే వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు చట్టబద్ధంగా వినియోగించుకోవచ్చును. కనుక బ్యాంకులోగాని, అనుమతి పొందిన మారకపు వ్యాపారి వద్దగాని పాన్ కార్డు, పాస్‌పోర్టు, టికెట్టు చూపి అడుగుటకు సంకోచించవద్దు. 50,000 రూపాయలు, అంతకు పైబడిన విదేశీ ద్రవ్యానికి నగదు కాక, ఖాతా ద్వారా చెల్లించాలి.

ఇక ఎంత నగదు, ఎంత కార్డు అన్నది ప్రశ్న. చాలా దేశాలకు వెళ్ళేవారు ఒక ప్రయాణంలో 3,000 డాలర్ల విలువకు మించి విదేశీ నోట్లు కొనరాదు. అంత కూడా అవసరముండదు. టాక్సీకి, భోజనానికి, ఆపద్ధర్మానికి రెండు మూడు రోజుల నగదు చాలును. మిగిలినది ముందే విదేశీ ద్రవ్యం నింపిన ప్రయాణపు కార్డులో ఉంచుకుంటే మారకపు రేటు ఆ రోజే ఖాయమవుతుంది. ఆ దేశపు ద్రవ్యాన్నే నింపించుకోవాలి. డాలర్లు నింపిన కార్డును వేరే దేశంలో గీస్తే మళ్ళీ మార్పిడి ఖర్చు తప్పదు.

మామూలు కార్డుతో ఎంత ఖర్చవుతుందో లెక్క చూద్దాం. డాలరు 90 రూపాయలనుకుంటే 1,000 డాలర్ల కొనుగోలు 90,000 రూపాయలు. విదేశీ మారకపు రుసుము మూడున్నర శాతమైతే 3,150 రూపాయలు, దానిపై 18 శాతం పన్ను 567. వెరసి 3,717 రూపాయలు అదనం. ఈ రుసుము కార్డుకొక విధంగా ఉంటుంది గనుక ముందే అడిగి తెలుసుకోవలెను. క్రెడిట్ కార్డుతో ఎ.టి.ఎం.లో నగదు తీస్తే ఆనాటి నుండే వడ్డీ మొదలవుతుందని మరువరాదు.

ఇంకొక చోట చాలామంది మోసపోతున్నారు. విదేశీ దుకాణంలో యంత్రంపై "రూపాయలలో చెల్లిస్తారా?" అన్న ప్రశ్న కనబడుతుంది. మన రూపాయిని చూడగానే ప్రాణం లేచివస్తుంది. కాని అక్కడ రేటు నిర్ణయించేది మన బ్యాంకు కాదు, అవతలివారు. ఆ రేటు సాధారణంగా మనకు నష్టమే. పైగా కొన్ని బ్యాంకులు దానిపైన కూడా రుసుము వేస్తాయి. ఎల్లప్పుడూ ఆ దేశపు ద్రవ్యంలోనే చెల్లిస్తామని చెప్పండి. ఫోనుతో చెల్లించే యు.పి.ఐ. 2024 ఫిబ్రవరిలో పారిస్‌లోని ఈఫిల్ టవరు వద్దకూ, శ్రీలంక, మారిషస్‌లకూ చేరినది. సంతోషమే. అయితే అది అన్ని దేశాలలో, అన్ని దుకాణాలలో పనిచేయదు గనుక దానినొక్కదానినే నమ్ముకొని విమానమెక్కవద్దు.

వ్యాపార మిత్రులకు ప్రత్యేకంగా ఒక మనవి. ప్రయాణపు డాలర్లు బసకు, భోజనానికి ఉద్దేశించినవి. సరుకు కొనుగోలుకు కాదు. దిగుమతి చేయదలిస్తే ఎగుమతి దిగుమతి సంకేత సంఖ్య తీసుకొని, బ్యాంకు ద్వారానే డబ్బు పంపాలి. అమ్మకపు సరుకును సొంత సామానుగా పెట్టెలో తెచ్చి కస్టమ్సు వారికి చిక్కితే లాభమూ, మర్యాదా రెండూ పోతాయి. రైతు సోదరులు పంట రుణాన్ని ప్రయాణానికి మళ్ళించవద్దు. ప్రయాణం ముగిసినా విత్తనాల అదును ఆగదు.

తిరిగివచ్చాక మిగిలిన నోట్లను ఊరిలో తెలిసినవారికి అమ్మక, అనుమతి పొందినచోటనే 180 రోజులలోగా మార్చుకోవలెను. 2,000 డాలర్ల వరకు మరో ప్రయాణానికి దాచుకోవచ్చును. కార్డు పోతే తెల్లవారేదాకా ఆగక వెంటనే బ్యాంకుకు తెలిపి నిలుపు చేయించాలి. అందుకు ఫోను నంబరును కార్డుతోపాటు కాక వేరే కాగితంపై వ్రాసి ఉంచుకోండి. బ్యాంకు పంపే రహస్య సంఖ్యలు మీ ఫోనుకు అక్కడ అందుతాయో లేదో కూడా ఇక్కడే సరిచూసుకోండి.

మాబోటి క్షేత్రాధికారులు పొలం చూస్తాము, సరుకు నిల్వ చూస్తాము, హామీ పత్రాలు చూస్తాము. ఖాతాదారు దేశం దాటుతున్నాడని తెలిసినపుడు అయిదు నిమిషాలు అతని కార్డు సంగతి కూడా చూడాలి. ఆ వ్యాపారి తెచ్చిన దొంగనోటు బొమ్మ నా మనసులో నుండి చెరగలేదు. ఇప్పుడు ఎవరు విదేశం మాటెత్తినా "శుభం" అనుటకు ముందు "కార్డు తెరిపించారా?" అని అడుగుతున్నాను. మీ శాఖలో ఎవరూ అడగకపోతే మీరే అడగండి. అడిగించుకొనుట మా విధి, అడుగుట మీ హక్కు.