కంచం మోగిస్తే తేలదు

రెండేళ్లు నిండినా పిల్లాడికి మాట రాకపోతే మన ఇళ్లలో ముందుగా దొరికే ఓదార్పు ఒకటుంది: "మగపిల్లలకు ఆలస్యమేలే, వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గానీ రాలేదు." అనుమానం మరీ పీడిస్తే అమ్మమ్మ వెనకగా వెళ్లి కంచం మీద గరిటెతో కొడుతుంది. వాడు తిరిగి చూస్తాడు. ఇంకేం, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. కానీ వాడు తిరిగింది కదిలిన నీడకో, నేల అదురుకో కావచ్చు. పెద్ద చప్పుళ్లు అంది, మాటలోని స, ష లాంటి సన్నని ధ్వనులు అందకపోనూవచ్చు. పైగా వినికిడి లేని పసిబిడ్డ కూడా తొలి నెలల్లో ఊ కొడుతుంది. ఇంట్లోవాళ్లు పోల్చుకోలేకపోవడంలో తప్పేమీ లేదు.

తేలాల్సింది పురుడు పోసిన చోట. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి శబ్దాలు పంపితే, లోపలి చెవి నుంచి వచ్చే ప్రతిధ్వనిని యంత్రం పట్టుకుంటుంది. దీన్ని ఓఏఈ అంటారు. సూది గుచ్చే పని లేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తేడా కనిపిస్తే, శబ్దం మెదడు దాకా చేరుతోందో లేదో చూసే బెరా పరీక్ష చేస్తారు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలు కావాలన్నది నిపుణుల లెక్క. ఆరు నెలల్లోపే గుర్తించిన పిల్లల భాష ఎంతో మెరుగ్గా ఉంటుందని అమెరికాలోని కొలరాడో పరిశోధకులు 1998లోనే చూపారు. మేనరికాలు మానని మనకు పుట్టుచెవుడు ముప్పు మరింత ఎక్కువ (ఈ మాటంటే నొచ్చుకునే బంధువులు నాకూ ఉన్నారు).

పథకాలు లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుచెవుడు ఉంది, జిల్లా స్థాయిలో ఇలాంటి పిల్లలకు తొలి దశలోనే సాయం అందించే కేంద్రాల (డీఈఐసీ) ఏర్పాటూ ఉంది. ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటుకు ఆరోగ్యశ్రీ దారి చూపింది. నా పేచీ అంతా ఆపరేషన్ తర్వాతి రోజులతోనే. పరికరం పెట్టగానే మాటలు రావు. కుక్కర్ విజిల్, గేటు చప్పుడు, తన పేరు, ఒక్కొక్కటే పిల్లకు పరిచయం చేయాలి. అది స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకుని తల్లి ఇంట్లో రోజంతా చేసే పని. కూలి మానుకుని, పిల్లను చంకనేసుకుని, బస్సెక్కి ఆవిడ ఎన్ని వారాలు నగరానికి రాగలదు? పరికరం వైరు తెగితే కొత్తది ఎవరు కొంటారు? ఆపరేషన్ ఖర్చు రాసే కాగితం మీదే ఈ ఖర్చులూ రాయాలి.

సైగలు నేర్పితే మాట రాదని తల్లులను భయపెట్టేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పరికరం ఉన్నా లేకున్నా తొలి ఏళ్లలో బిడ్డకు పూర్తిగా అందే భాష ఒకటి ఉండి తీరాలి. సైగభాషను పుట్టు బధిరులైన పెద్దల కన్నా బాగా ఎవరు నేర్పగలరు? వాళ్లను డీఈఐసీల్లో జీతమిచ్చి పెట్టుకోవడానికి అడ్డమేమిటో ప్రభుత్వాలే చెప్పాలి.