చిన్న ఫ్యాన్‌కే గోలెక్కువ

వేసవి మధ్యాహ్నం డెస్క్‌టాప్ కంప్యూటర్ ఆన్ చేస్తే కాసేపటికే బల్ల కింద హోరు మొదలవుతుంది. ఒకే గదిలో ఒకరు ఆన్‌లైన్ పాఠం వింటూ, ఇంకొకరు కునుకు తీయాలని చూస్తున్నప్పుడు అది చిన్న విషయం కాదు. దుకాణంలో అడిగితే "ఇంకా పవర్‌ఫుల్ ఫ్యాన్ వేయించుకోండి" అంటారు. అట్టపెట్టె మీద పెద్ద అంకె చూసి కొంటాం. హోరు తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. నన్నడిగితే తప్పు ఫ్యాన్‌ది కాదు, మనం నమ్ముకున్న అంకెది.

సాధారణంగా ఆ అంకె చెప్పేది, ఎదురుగా ఏ అడ్డూ లేకుండా పూర్తి వేగంతో తిరిగినప్పుడు ఫ్యాన్ ఇచ్చే గాలి ఎంతో. కంప్యూటర్‌లో అలాంటి వీలు ఎక్కడిది? ముందువైపు దుమ్ము ఆపే జాలీ ఉంటుంది. ప్రాసెసర్ మీద హీట్ సింక్ సన్నని రేకులు ఉంటాయి. వాటి సందుల్లోంచి గాలిని నెట్టడానికి ఒత్తిడి కావాలి. దీన్నే స్థిర పీడనం అంటారు. జాలీ వెనుక, హీట్ సింక్ మీద బిగించే ఫ్యాన్‌కు ఈ పీడనం ముఖ్యం. వేడిగాలిని బయటకు పంపే వెనకవైపు ఫ్యాన్‌కు గాలి పరిమాణం ముఖ్యం.

ఇక మోత సంగతి. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి కూడా దాదాపు సగమవుతుంది. మోత మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. పోయిన గాలిని పూడ్చుకోవడానికి అలాంటిదే ఇంకో ఫ్యాన్ పక్కన పెడితే మోత పెరిగేది 3 డెసిబెల్సే. అంటే గాలి దారి మరీ ఇరుకు కాకపోతే, ఒక్క ఫ్యాన్‌ను ఉరుకులు పెట్టించే బదులు రెండింటిని నెమ్మదిగా తిప్పితే దాదాపు అంతే గాలి, 12 డెసిబెల్స్ తక్కువ మోత. ఫ్యాన్ సైజు పెంచినా ఇలాంటి లాభమే. 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ వైశాల్యం 80 మిల్లీమీటర్ల దానికి మూడు రెట్లు. అందుకే అది నింపాదిగా తిరిగినా సరిపోతుంది.

అలాగని నిశ్శబ్దం ఒక్కటే చూసుకున్నా పొరపాటే. ఏ ఫ్యాన్ అయినా గదిలో ఉన్న గాలినే లోపలికి తోస్తుంది. గది 28 డిగ్రీల నుంచి 42కు చేరితే, అదే పని చేసే ప్రాసెసర్ కూడా దాదాపు 14 డిగ్రీలు వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో జరిపిన పరీక్షల్లో నెగ్గిన ఫ్యాన్ మన మే నెలలోనూ నెగ్గుతుందన్న హామీ లేదు. అవసరమైతే వేగం పుంజుకునే సత్తా దానికి ఉండాలి. మామూలు రోజుల్లో మెల్లగా తిరగాలి. నాలుగు పిన్నుల ఫ్యాన్ తీసుకుంటే, వేడిని బట్టి మదర్‌బోర్డే వేగాన్ని సర్దుతుంది.

కొనే ముందు క్యాబినెట్‌లో ఏ సైజు పడుతుందో కొలుచుకోండి. అంతకంటే ముందు జాలీకి, హీట్ సింక్‌కు పట్టిన దుమ్ము దులపండి. చాలాసార్లు డబ్బు ఖర్చు లేకుండానే సగం గోల పోతుంది.

ఇంత లెక్క కొనేవాళ్లే వేసుకోవాల్సి రావడం మాత్రం న్యాయం కాదు. ఇంటి సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి. ఒక్కో వాట్‌కు ఎంత గాలి ఇస్తుందన్నదే అక్కడ కొలమానం. కంప్యూటర్ ఫ్యాన్ల పెట్టెల మీద కూడా ఏ వేగంలో, ఎంత గాలికి, ఎంత దూరం నుంచి కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ అన్నది ఒకే పద్ధతిలో అచ్చువేయాలి. దూరం చెప్పని డెసిబెల్ అంకె, బరువు చెప్పని ధర లాంటిది. కిలోకా, అరకిలోకా అని అడగకుండా కూరగాయలు కొనం కదా. ఫ్యాన్ దగ్గర మాత్రం ఎందుకు ఊరుకోవాలి?