లేమికి కూడా ఒక నమస్కారము



దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతములలో అర్చకత్వము చేస్తూ దశాబ్దములుగా భక్తుల కోరికలు వింటున్నాను. ఉద్యోగము లేదు, సంతానము లేదు, సొంత ఇల్లు లేదు. అధిక భాగము ‘లేదు’ అనే మాటతోనే ముగుస్తాయి. ఆ ‘లేదు’లో భగవదనుగ్రహము కూడా ఉండగలదని నా మనవి.

న్యాయవైశేషిక సంప్రదాయములో అభావము ఏడవ పదార్థము. వేదపాఠశాలలో తర్కసంగ్రహము చదివే రోజులలో మా గురువుగారు ఒక నియమమును పదే పదే చెప్పేవారు: ప్రతియోగి జ్ఞానము లేనిదే అభావ జ్ఞానము కలుగదు. కుండను ఎన్నడూ ఎరుగనివాడు ‘ఇక్కడ కుండ లేదు’ అని గ్రహించలేడు.

కృతజ్ఞతకూ ఇదే నియమము. మశూచిని చూడండి. మన దేశములో అది 1975లో ఆగిపోయినది. లోకమంతటా నిర్మూలనమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించినది. శాస్త్ర పరిభాషలో ఇది ప్రధ్వంసాభావము. ఒకనాటి తల్లులు బిడ్డను ఆ వ్యాధి నుండి కాపాడమని అమ్మవారికి మొక్కుకొని బోనమెత్తారు. నేటి యువతికి మశూచి తెలియదు. కనుక దాని లేమి అనే వరము కూడా ఆమెకు కనబడదు.

2013 ఫిబ్రవరి 21 సాయంకాలము దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్లలో 15 మందికి పైగా అసువులు బాసారు. నేడు అదే దారిలో వేలాది మంది చేతిసంచులతో క్షేమముగా ఇల్లు చేరుతున్నారు. ఏమీ జరగని సాయంకాలము కూడా ప్రసాదమే. అది ప్రసాదమని తెలిసినది, ఆనాటి సాయంకాలమును మరువని వారికే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. ‘వారికి జరిగినది, నాకు జరగలేదు’ అని మురిసిపోవుట కృతజ్ఞత కాదు, అహంకారము. మనకు లేని కష్టము మరొకరి ఇంట ఉన్నది; వారి దుఃఖము వల్లనే మన లేమి విలువ మనకు తెలిసినది. ఆ ఋణము కరుణగా తీరాలి.

మరొక మాట. సంతానము లేని ఒక తల్లితో ‘లేనందుకు కూడా ఈశ్వరునికి నమస్కరించమ్మా’ అని ఒకప్పుడు నేనే అన్నాను. ఆమె తీర్థము తీసుకొనకుండానే వెళ్లిపోయినది. ఈ సాధన ఎవరికి వారు చేసుకొనవలసినదే కాని, దుఃఖములో ఉన్నవారికి ఉపదేశించదగినది కాదని ఆనాడు తెలుసుకున్నాను.

నేటి సంధ్యాదీపము వేళ మీ ఇంట లేని ఒక్క కష్టమును స్మరించి నమస్కరించండి. రేపు, ఆ కష్టము ఉన్నవారి తలుపు తట్టండి.

స్వస్తి.